కాస్త ఎక్కువ గ్రాఫీన్

సాహితిని ఎవరైనా మెచ్చుకుంటే చాలు, కరుణశ్రీకి అన్నం సహించేది కాదు. ఇది ఉత్తమాట కాదు. బాపట్లలో వాళ్ళ కాలేజీ క్యాంటీన్‌లో ప్రకాశరావు సార్ "సాహితి పొడి భలే కుదిరిందమ్మా" అన్న రోజున ఆమె పెరుగన్నం సగంలో వదిలేసి లేచిపోయింది. కడుపులో అంత మంట పెట్టుకున్న మనిషికి ఆకలెక్కడిది!

కరుణశ్రీది రేపల్లె. సార్ దగ్గర రీసెర్చికి చేరి ఐదేళ్ళయింది. ఆ ఐదేళ్ళూ గ్రాఫీన్‌తోనే కాపురం. ఒక్క పరమాణువు మందాన ఉండే కర్బనపు రేకులు అవి. కరెంటు వాటి మీద జర్రున పాకుతుంది గానీ ఏ వాసన వచ్చినా, ఏ వాసనా రాకపోయినా వాటికి ఒకటే. ఇక సాహితి తెనాలి నుంచి రోజూ రైల్లో వచ్చే పిల్ల. చేరి నిండా ఏడాది కాలేదు. లోహాన్నీ కర్బన పదార్థాన్నీ జతచేసి తెల్లటి పొడి తయారుచేస్తుంది. ఆ పొడి నిండా కంటికి కనపడని రంధ్రాలు. రొయ్యలు చెడిపోతుంటే వచ్చే అమోనియా ఆ రంధ్రాల్లో చిక్కుకుంటుంది. చిక్కిందని చెప్పడానికి మాత్రం పొడిలో కరెంటు పారదు.

రెండూ కలిపితే రొయ్య మంచిదో కాదో మీటరు మీద చూపించే పట్టీ తయారవుతుందని సార్ ఆలోచన. కిటుకంతా పాళ్ళలో ఉంది. గ్రాఫీన్ తగ్గితే మీటరు పలకదు, ఎక్కువైతే రేకులు రంధ్రాలను కప్పేస్తాయి. చివరికి తెల్లపొడికి రవ్వంత గ్రాఫీన్ చాలని తేలింది. ఆ పాళ్ళతో చేసిన పట్టీ ల్యాబులో చక్కగా పనిచేసింది.

"వాసన పట్టేది పొడే కదమ్మా. రీసెర్చి పేపర్లో సాహితి పేరు ముందు వేద్దాం, నీది రెండోది," అన్నాడు సార్.

"అలాగే సార్," అని కరుణశ్రీ నవ్వింది. లోపల మాత్రం భగ్గుమంది. రవ్వంత! ఐదేళ్ళ చాకిరీ రవ్వంత! నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల ముందూ, తాను వెనకానా!

రేపల్లెలో రొయ్యల వ్యాపారి వెంకటరత్నం షెడ్డులో పట్టీని చూపించాలని సార్ ఏర్పాటు చేశాడు. అందుకోసం కొత్త పట్టీలు చేసే రోజున సాహితి పొడి నూరి పెట్టి, "గ్రాఫీన్ మీరే పోయండక్కా, మీ చెయ్యి పడితేనే కుదురుద్ది," అంది. ఆ మంచితనం చూస్తే కరుణశ్రీకి ఇంకా ఒళ్ళు మండింది. నల్లటి గ్రాఫీన్ ద్రవం ఉన్న సీసా వంచింది. చాలని తెలుసు. ఇంకాస్త వంచింది. చెడగొట్టాలని కాదు సుమా! మీటరు ఉన్నట్టుండి ఎగబాకాలి, ఇదంతా గ్రాఫీన్ మహిమేనని సార్ నోరు వెళ్ళబెట్టాలి. అంతవరకే ఆమె ఆశ. పట్టీలను ముందుగా పరీక్షించి చూడాల్సిన పని కూడా ఆమెదే. చూడకుండానే డబ్బాలో సర్దేసింది.

షెడ్డులో తాజా రొయ్యల పక్కన పట్టీ పెడితే మీటరు పెద్ద అంకె చూపించింది. కుళ్ళిన రొయ్యల పక్కన పెడితే అదే అంకె. ఎన్నిసార్లు మార్చి పెట్టినా అదే. వెంకటరత్నం తువ్వాలుతో ముక్కు మూసుకుని, "నాకిక్కడికే కంపు కొడతంది సార్. మీ మిషనుకి జలుబు చేసిందేమో చూడండి," అన్నాడు. రొయ్యలు వలిచే ఆడవాళ్ళంతా ఘొల్లున నవ్వారు.

సార్ మొహం మాడిపోయింది. "సముద్రపు గాలి కదా, తేమకి పొడి పాడైంది. నీ పొడి ఇంత నాసిరకంగా ఉంటే ఎలాగమ్మా?" అని సాహితిని అందరి ముందూ కడిగేశాడు. సాహితి కళ్ళనీళ్ళు పెట్టుకుని, "నా తప్పే సార్," అంది. తప్పు ఎవరిదో కరుణశ్రీకి తెలుసు. నోరు విప్పలేదు. విప్పకపోగా, తిరుగు ప్రయాణంలో చెరుకుపల్లి దాకా ఆమెకు హాయిగా కూడా ఉంది.

నెల తిరక్కుండా సాహితి రీసెర్చి మానేసి, తెనాలిలో ఒక కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పుకోవడానికి వెళ్ళిపోయింది. పనంతా కరుణశ్రీ చేతికొచ్చింది. ముందు పేరూ ఆమెదే, వెనక పేరూ ఆమెదే. తీరా చూస్తే పొడి కుదరదు. ఎలా చేసినా జిగురుముద్దవుతుంది. ఎండాకాలమంతా ముద్దలు పారబోయడంతోనే సరిపోయింది. డిగ్రీ వస్తుందన్న నమ్మకం పోతోంది, సార్ విసుక్కుంటున్నాడు. ఇక గత్యంతరం లేక, పళ్ళు నూరుకుంటూనే తెనాలి రైలెక్కింది.

ఆమెను గుమ్మంలో చూడగానే సాహితి ముఖం వెలిగిపోయింది. అడిగీ అడగకముందే, "ఆదివారం నాకు సెలవేనక్కా, వచ్చి చేసిపెడతా. నా పేరు మాత్రం ఎక్కడా వెయ్యొద్దు," అంది. "నా మూలంగా ఒకసారి మీ పరువు పోయింది, చాలు. ఎక్కడ చెడగొట్టానా అని తల బద్దలు కొట్టుకున్నా. ఇప్పుడు ల్యాబంటేనే భయమేస్తందక్కా."

కరుణశ్రీ కాఫీ తాగి, "సరే అయితే" అని వచ్చేసింది.

ఆదివారం సాహితి వచ్చింది. ఆమె చేతిలో పొడి మొదటిసారికే తెల్లగా, పొరపొరలాడుతూ దిగింది. చూస్తుంటే కరుణశ్రీకి ప్రాణం ఉసూరుమంది. అయినా ఈసారి పట్టీ పనిచేసి తీరాలి. సీసా తీసి, రవ్వంతే పోసి, మూత బిగించింది.

"అంతేనా అక్కా?" అంది సాహితి. "రేపల్లెకి చేసినప్పుడు సీసా సగానికి దిగిపోయిందిగా. అదేదో కొత్త కొలతేమో అనుకున్నా."

కరుణశ్రీ ఏదో ఒక అబద్ధం ఆడితే సరిపోయేది, ఒక్కటీ నోటికి అందలేదు. సాహితి సీసా వంక చూసింది, ఆమె మొహం వంక చూసింది. పాళ్ళ సంగతి తెలిసిన మనిషికి ఇంకొకరు విప్పి చెప్పాల్సిన పనేముంది? మెల్లగా స్టూలు మీద కూర్చుంది.

"అయితే నా పొడి బాగానే ఉందన్నమాట."

తిడుతుందేమోనని కరుణశ్రీ తల వంచుకుంది. సాహితి తిట్టలేదు. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని కాసేపు ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వేసింది. "బాగానే ఉంది, నా పొడి బాగానే ఉంది," అని తనలో తనే అనుకుంటోంది. పక్కన కరుణశ్రీ అనే మనిషి ఉందన్న ధ్యాస కూడా ఆమెకు లేదు.

సిగ్గుతో చచ్చిపోవాల్సిన ఆ చోట కూడా కరుణశ్రీకి అసూయే పుట్టింది. ఐదేళ్ళలో గ్రాఫీన్ ఎన్నిసార్లు బాగా కుదిరిందో! ఒక్కనాడూ తాను అలా నవ్వలేదు.