లైన్లోనే ఉండండి

ఎనభై ఆరు, ఎనభై నాలుగు కాదురా మొద్దూ, ఎనభై నాలుగులో మా నాన్న మోకాలు ఇంకా బాగానే ఉంది, తొమ్మిది ఇన్నింగ్స్‌లతో అయిపోవాల్సింది పద్దెనిమిది దాకా సాగిన ఆ బేస్‌బాల్ ఆట రోజున నాన్న కుంటుతూ నీళ్ళ పైపు లాగుతుంటే వెనక నేను చుట్టలు విప్పుతూ నడిచాను, నాకప్పుడు పదమూడేళ్ళు, కాబట్టి ఎనభై ఆరే, కానీ రేడియోలో ఆటల కబుర్లు చెప్పే ఈ రస్టీ గ్రోగన్‌కి చెప్పేదెవరు, చెప్పినా వినేదెవరు, ఆ మనిషికి దేవుడు చెవులిచ్చింది హెడ్‌ఫోన్లు తగిలించుకోడానికే, అయినా అది ఆదివారం నాటి గొడవ, ఆ సంవత్సరం దిద్దుదామనే ఆదివారం ఫోన్ చేశాను, ఇవాళ మంగళవారం, ఇవాళ చెప్పాల్సింది వేరు, ఒకటే మాట లార్నా, మర్చిపోకు అని నాకు నేనే చెప్పుకుంటున్నాను, ఫోను తీసిన అమ్మాయి కూడా అదే చెప్పింది, పేరు, ఎక్కణ్ణుంచి, చెప్పదలచుకున్నది ఒక్క వాక్యంలో, మీ రేడియో తగ్గించండి, లైన్లోనే ఉండండి, ఉన్నాను తల్లీ, ఇరవై ఆరు నిమిషాలుగా ఉన్నాను, స్టేడియం వెనక సిబ్బంది పార్కింగ్‌లో, నా ట్రక్కులో, చల్లారిపోయిన కాఫీతో, ఫోనులో వాళ్ళ మాట అప్పటికప్పుడు వినిపిస్తుంది, అదే మాట రేడియోలోకి ఏడు సెకన్లు ఆలస్యంగా వస్తుంది, ఎవరైనా బూతు మాట్లాడితే కోసెయ్యడానికి ఆ ఏడు సెకన్లట, దాంతో గ్రోగన్ కూసే ప్రతి కూతా నాకు రెండుసార్లు, ఒకసారి వింటేనే తలనొప్పి వచ్చే నేను ఇవాళ రెండు మోతాదులు మింగుతున్నాను.

అదిగో మళ్ళీ పసిపాప ఏడుపు, మన జట్టులో మూడో మూల కాచే టియో అల్మోంటే పేరెత్తినప్పుడల్లా వెక్కిరింపుగా ఆ ఏడుపు రికార్డు వేస్తున్నారు, నిన్నటి నుంచి లెక్కపెట్టడం మానేశాను, వాడు బంతిని చూసి మొహం తిప్పుకున్నాడు డెల్, థర్డ్ బేస్ దగ్గర నిలబడేవాడు మొహం తిప్పుకుంటే ఇంకెందుకయ్యా వాడు అంటాడు గ్రోగన్, పక్కనుండే డెల్ ఏమంటాడు, నువ్వన్నది నూటికి నూరుపాళ్ళు నిజం రస్టీ అంటాడు, వాడి ఉద్యోగమే అది, వాల్ట్ అనే ప్లంబరు, రోజూ చేసేవాడే, ఫోన్ చేసి ఆ బంతిని నేనైతే నా టిఫిన్ డబ్బాతో పట్టేవాణ్ణి గురూ అన్నాడు, నవ్వులే నవ్వులు, అసలు జరిగింది ఇదీ, ఆదివారం ఆఖరి ఇన్నింగ్స్, మనం ఒక్క పరుగు ముందున్నాం, నేల మీద దొర్లుకుంటూ వచ్చిన బంతి, ఎవరైనా పట్టేదే, అది ఉన్నట్టుండి లేచి టియో మొహం మీదికి వచ్చి భుజం మీదుగా పోయింది, రెండు పరుగులు, ఆట పోయింది, ఇరవై మూడేళ్ళవాడు, సముద్రం అవతలి నుంచి వచ్చినవాడు, పెళ్ళాన్ని పోయిన వారమే రప్పించుకున్నాడు, ఆమె ఎనిమిదో నెల గర్భిణి, అద్దె ఇంట్లో పెట్టెలింకా విప్పలేదని ఒకరోజు గడ్డి మీద కూర్చుని చెప్పాడు, రేపు పొద్దున వాణ్ణి ఆరుగంటల దూరంలో ఉన్న చిన్న జట్టుకి పంపేస్తారని గ్రోగన్ అంటున్నాడు, గ్రోగన్ అన్నవన్నీ జరగవు, కానీ పైన ఆఫీసులో కూడా ఆ రేడియో మోగుతుంది, మూడు రోజులు ఒకే మాట చెవిలో పడితే అదే వేదం అవుతుంది.

మొహం తిప్పుకున్నాడట, నీ మొహం, పిల్లాడి మొహం మీదికి బంతి వస్తే తిప్పుకోక ముద్దుపెట్టుకుంటాడా, ఆ బంతి ఎందుకు లేచిందో అడిగారా ఒక్కరైనా, ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆ మైదానం చూసుకునేది నేను, నాకు తెలుసు, గడ్డి ఆగి మట్టి మొదలయ్యే చోట అంచుంటుంది, మా పనివాళ్ళు దాన్ని పెదవి అంటారు, ఆటగాళ్ళ బూట్లకి లేచిన మట్టి రోజూ కొంచెం కొంచెం ఆ అంచున చేరుతుంది, ఊడవకపోతే రెండు వేళ్ళ మందాన గట్టు కడుతుంది, కళ్ళకి కనపడదు, బంతికి కనపడుతుంది, అందుకే ప్రతి ఆటకీ ముందు గట్టి బ్రష్షుతో ఆ మట్టిని వెనక్కి లాగాలి, నాకు ముందు ఈ పని చేసిన నాన్న మోకాళ్ళ మీద కూర్చుని అరచేత్తో తడిమి చూసేవాడు, థర్డ్ బేస్ వైపు ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు, నేనూ అంతే, మా వాళ్ళకి ఫస్ట్ బేస్ వైపు ఇస్తాను, థర్డ్ బేస్ నాది, మనం పని సరిగ్గా చేస్తే మన పేరు ఊళ్ళో ఎవడికీ తెలియదే పిల్లా అనేవాడు నాన్న, నిజమే, నా పేరు ఈ ఊళ్ళో ఎవడికీ తెలియదు, ఆదివారం దాకా అందుకు సంతోషంగానే ఉండేది. ఆట అయిపోయాక టియో ఆ అంచు దగ్గరికి వెళ్ళాడు, బూటు మడమతో మెల్లగా నొక్కి చూశాడు, మట్టి గట్టు అణిగింది, ఇంకోసారి నొక్కాడు, అప్పుడు తలెత్తి మా షెడ్డు వైపు చూశాడు, నేను తలుపు దగ్గరే ఉన్నాను, ఆ తరవాత విలేకర్లు మైకులు పెడితే బంతి నాది, పట్టాల్సింది, పట్టలేదు, అంతే అన్నాడు.

తెలిసి కూడా అలా అన్నాడు, నాకు అన్నం దిగకుండా చేస్తున్నది గ్రోగన్ కాదు, ఆ మాట, పైగా అసలు సంగతి నేను మా వాళ్ళకి కూడా చెప్పలేదు, ఆదివారం పన్నెండున్నరకి ఆ అంచు ఊడవాలి, పన్నెండింటికి రేడియోలో ఈ మొద్దు పద్దెనిమిది ఇన్నింగ్స్‌ల ఆట ఎనభై నాలుగులో జరిగిందన్నాడు, డెల్ నూటికి నూరుపాళ్ళు అన్నాడు, నాకు అరికాలి మంట నెత్తికెక్కింది, నాన్న మోకాలు, నా పైపు చుట్ట, మా సంవత్సరాన్ని ఇలా పారేస్తావా అని ఇదే ట్రక్కులో కూర్చుని ఫోన్ చేశాను, లైన్లోనే ఉండండి అంది అమ్మాయి, ఉన్నాను, పన్నెండూ నలభై, ఇంకొక్క నిమిషం, వాల్ట్ తరవాత నేనే, కార్ల దుకాణం ప్రకటన, దుప్పట్ల ప్రకటన, ఒంటిగంటకి కార్యక్రమం అయిపోయింది మళ్ళీ రేపు చెయ్యండి అన్నారు, అప్పటికి గేట్లు తెరిచారు, ఆటగాళ్ళు మైదానంలోకి వచ్చేశారు, ఒక్కరోజుకి ఏమవుతుందిలే అనుకున్నాను, ఇరవై తొమ్మిదేళ్ళలో ఒక్కరోజు, ఒక సంవత్సరం అంకె దిద్దడానికి పోయి థర్డ్ బేస్ వదిలేశాను, అదీ దిద్దలేకపోయాను. సిగ్గుగా ఉంది, భయంగా కూడా ఉంది, ఇంకో మూడేళ్ళు చేస్తే పూర్తి పింఛను, కానీ భయం కన్నా సిగ్గే ఎక్కువ, అందుకే నిశ్చయించుకున్నాను, ఏ రేడియోలో ఆ పిల్లాణ్ణి ఉతికారో ఆ రేడియోలోనే చెప్తాను, అంచు ఊడవలేదు, ఊడవనిది నేను, టియో తప్పేం లేదు, మూడు ముక్కలు, నలభై సార్లు అనుకున్నాను, అద్దంలో చూసుకుని కూడా అనుకున్నాను.

వెస్ట్ సైడ్ నుంచి లార్నా, చెప్పండమ్మా, అన్నది గ్రోగనే, నా చెవిలోనే, ఇరవై ఏళ్ళుగా వింటున్నాను, మొదటిసారి మాట్లాడుతున్నాను అన్నాను, ఫోన్ చేసిన ప్రతివాడూ అనే మాటే నా నోట్లోంచీ వచ్చింది, ఇరవై ఏళ్ళా, పాపం, ఇంట్లో వేరే పనేం లేదా అన్నాడు, డెల్ నవ్వాడు, నేను కూడా నవ్వాను, ఎందుకు నవ్వానో, టియో గురించి, అన్నాను, పాప ఏడుపు వేశారు, అది ఆగేదాకా ఆగి, ఆ బంతి నేల వల్ల లేచింది, గడ్డి అంచున మట్టి చేరింది అన్నాను, గడ్డా, అన్నాడు, విన్నావా డెల్, ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట వెనకటికెవడో, లేదు వినండి, ఈసారి మద్దెల నిజంగానే ఓడు అన్నాను, నా గొంతు పెరిగింది, అయితే మరి ఎవరిదమ్మా తప్పు, గడ్డిదా, మట్టిదా, పేరు చెప్పు, అన్నాడు, అదే, అక్కడే, తలుపు బార్లా తెరిచి రమ్మన్నాడు, నా పేరు నాలిక మీదే ఉంది, వాన, అన్నాను, వాన వల్ల, వానొస్తే మట్టి బరువెక్కి కదలదు, ఎవరేం చెయ్యగలరు, ఆ నేల గురించి మీకేం తెలుసని మాట్లాడుతున్నారు, నేను ఫోను పెట్టేసి వింటాను, అన్నాను, అది కూడా అందరూ అనేదే, పెట్టేశాను.

పెట్టేసి విన్నాను, తగ్గించిన రేడియోలోంచి ఒక ఆడగొంతు, కీచుగా, గట్టిగా, ఎవరిదో అనుకున్నాను ఒక్క క్షణం, వాన వల్ల అంటోంది, ఎవరేం చెయ్యగలరు అంటోంది, ఆ నేల గురించి మీకేం తెలుసు అని గద్దిస్తోంది, ఎంత ధీమాగా ఉందో, దాని వెనకే గ్రోగన్, ఆదివారం నేను మూడో వరసలో చొక్కా విప్పి కూర్చున్నాను తల్లీ, వీపు బొబ్బలెక్కింది, ఏ వాన, ఎక్కడి వాన అన్నాడు, నూటికి నూరుపాళ్ళు అన్నాడు డెల్, ఇరవై ఏళ్ళలో మొదటిసారి వాడు చెప్పింది నిజం, ఆదివారం చుక్క కూడా పడలేదు, ఊరి పక్క సరస్సు మీంచి గాలి కూడా లేదు, నేనే పొద్దున రెండుసార్లు నీళ్ళు కొట్టించాను. తెలియనిది తెలిసినట్టు అరుస్తాడని వాణ్ణి తిట్టిపోశాను, నాకు తెలిసి కూడా తెలిసినదాన్ని మింగి అరిచాను, ఏడు సెకన్లు ఆలస్యంగా వింటే నా గొంతుకీ వాడి గొంతుకీ తేడా ఏం తెలియలేదు. రేడియో కట్టేశాను, ట్రక్కులో అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు, ఎక్కడో బంతి గోడకి కొట్టుకుంటున్న చప్పుడు, టక్, ఆగి, టక్.

సామాను గేటు తెరిచే ఉంది, అందులోంచి థర్డ్ బేస్ కనపడుతుంది, టియో ఒక్కడే వచ్చాడు, గోడకి విసురుతున్నాడు, తిరిగొచ్చిన బంతిని వంగి పడుతున్నాడు, ట్రక్కు వెనకనుంచి బ్రష్షు తీసుకుని నడిచాను, అరవై అడుగులుంటుందేమో, నలభై సార్లు అద్దంలో అనుకున్న మూడు ముక్కల్లో ఒకటీ గుర్తు రాలేదు, మిస్ లార్నా, అన్నాడు, పక్కకి జరిగి అంచు నాకు వదిలాడు, నేను ఊడవలేదు, మిగతావాళ్ళ తప్పు కాదు, ఆదివారం ఇది ఊడవాల్సింది నేను, ఊడవలేదు అన్నాను, వాడు బంతిని చేతిలో తిప్పుతూ, తెలుసు, కానీ పట్టాల్సింది నేనే కదా అన్నాడు, తప్పు నీ మీద వేసుకోకు, నేను ట్రక్కులో కూర్చుని రేడియోవాళ్ళకి ఫోన్ చేస్తున్నాను, నాకు సమయం తెలుసు, తెలిసే కూర్చున్నాను, అన్నాను, వాడు అప్పుడు నా మొహంలోకి చూశాడు, కోపం వచ్చింది, కనపడింది, రావాలి కూడా, మాట్లాడనిచ్చారా మరి, అని అడిగాడు, లేదన్నాను, ఇంతకీ ఏం చెబుదామని, అన్నాడు, ఎనభై ఆరు అన్నాను, వాడికేం అర్థమవుతుంది పాపం, తల అడ్డంగా ఊపి మళ్ళీ గోడ వైపు తిరిగాడు, టక్. మోకాళ్ళ మీద కూర్చుని అంచు మొత్తం ఊడ్చాను, అరచేత్తో తడిమాను, బాగుంది, ఇవాళ్టికి బాగుంది, ఆదివారానికి పనికిరాదు.

బ్రష్షు అక్కడే ఆనించి మెట్లెక్కాను, పంతొమ్మిది మెట్లు, మేనేజరు ఓస్టర్‌మన్ ఆట రోజుల్లో పదింటికల్లా వస్తాడు, రేపు టియోని పంపాలా వద్దా అన్నది తేల్చేది ఆయనే, గ్రోగన్ కాదు, ఆయన గది తలుపు ఎప్పటిలాగే సగం తెరిచి ఉంది, సందులోంచి ఆయన ఒక చేత్తో శాండ్‌విచ్ తింటూ కాగితాలు చూసుకోవడం కనపడుతోంది, మధ్యలో ఏ అమ్మాయీ లేదు, ఒక్క వాక్యంలో చెప్పమనేవాళ్ళు లేరు, పాప ఏడుపు లేదు, నా ముందు వాల్ట్ లేడు, ఆదివారం సాయంత్రం కూడా ఈ తలుపు ఇలాగే ఉంది, నిన్నా ఇలాగే ఉంది, నేను దీని ముందునుంచే రెండుసార్లు వెళ్ళాను, అంతంతసేపు వరసలో నిలబడి చెప్పడానికి వెళ్ళింది నా మాట వినరని నాకు ఇరవై ఏళ్ళుగా తెలిసినవాళ్ళ దగ్గరికి, ఇక్కడికి రాకపోయింది ఇక్కడైతే నిజంగానే వింటారన్న భయంతోనే, అని ఇప్పుడు తెలిసి, తలుపు తట్టాను.