బావగారి భుజం

ఏప్రిల్ ఆరు. ఆ రోజు తిన్నది ఉడికించిన గుడ్లు, రొట్టె. అది ఆయన సినిమాకి ఆఖరి షూటింగు రోజు కాబట్టి తారీఖు గుర్తుండిపోయింది. గుడ్లు గుర్తుండిపోవడానికి కారణం వేరు. టేకు టేకుకీ తినాల్సి వచ్చి, సాయంత్రానికి గుడ్డు పేరెత్తితేనే ముఖం తిప్పేసుకున్నాడు.

ఆయన్ని అందరూ బావగారు అనే పిలుస్తారు. ముప్ఫై ఏళ్ళుగా సినిమాల్లో హీరోకి బావ వేషం వేసీ వేసీ, ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళు కూడా బస్సులో "బావగారూ, కాస్త జరుగుతారా" అనే స్థితికి వచ్చాడు. నిజానికి ఇన్నేళ్ళలో తెర మీద ఆయన ముఖం కన్నా భుజమే ఎక్కువ కనిపించింది. హీరో ఏడుస్తుంటే కెమెరా బావగారి వెనక నిలబడి, ఆయన భుజం మీదుగా హీరో ముఖాన్ని చూసేది. ఆ భుజాన్ని సరిగ్గా ఉంచడమూ ఒక విద్యే. ఊపిరి గట్టిగా పీలిస్తే ఫ్రేము అంచు కదులుతుంది. బిగబడితే గోడలా కనిపిస్తుంది. పైగా వింటున్న మనిషి భుజం వేరు, తన వంతు ఎప్పుడొస్తుందా అని కాచుకున్న మనిషి భుజం వేరు. ఈ సంగతి ఏ పత్రికా రాయలేదు. ఆయన భార్య మాత్రం సినిమా హాల్లో పక్క సీటావిడను మోచేత్తో పొడిచి మరీ "ఆ భుజం మా ఆయనదేనండీ" అని చెప్పేది. ఆవిడ పోయి మూడేళ్ళయింది.

ఇప్పుడు తీసిన సినిమా మాత్రం ఆయనదే. కథ తనే రాసి, తనే తీసి, తనే నటించాడు. తాళాలు బాగుచేసే ముసలివాడొకడు, దుకాణం అమ్మేశానని అక్కకి చెప్పడంతో కథ ముగుస్తుంది. ఆఖరి షాటులో తెర నిండా ఆయన ముఖమే ఉండాలి. పైకి అనలేదు గానీ, అంత సినిమా తీసిందీ ఆ ఒక్క ముఖం కోసమే.

ఆ ముఖమే ఇప్పుడు దొరకడం లేదు.

"నాన్నా, కూర్చో" అంది కూతురు. సినిమాకి ఎడిటరు ఆమే. తల్లి బట్టలు కుట్టుకున్న చిన్న గదిలో, ఆ మిషను బల్ల మీదే కంప్యూటరు పెట్టుకుంది. మిషను పోయినా మిషను గది అనే పేరు పోలేదు. కిందున్న ఇనప పెడలూ పోలేదు. ఆలోచనలో పడితే కూతురి పాదం దాన్ని తొక్కుతూనే ఉంటుంది.

"కూర్చునే ఉన్నా కదే."

"కూర్చుంటే నీ నీడ గోడ మీద అలా పచార్లు చెయ్యదు."

నిజమే. పొద్దుట్నించీ ఆయన కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. రేపు పొద్దున్నే సినిమాని సౌండ్ మిక్సింగుకి అప్పగించాలి.

"ఇదిగో చూడు. 'అమ్మేశానక్కా' అన్నావు. బాగుంది. తర్వాత?"

"తర్వాత మౌనం."

"మౌనమేం లేదు. కళ్ళు పక్కకి వెళ్ళిపోయాయి."

"బాధతో వెళ్ళాయి."

"బాధ ఎడంవైపు, అక్క కూర్చున్న చోట ఉంది. నువ్వు చూసింది కుడివైపు, మానిటర్ పెట్టిన చోటికి. షాటు బాగా వచ్చిందా లేదా అని."

కూతురు ఇంకో టేకు చూపించింది. ఇంకోటి. అన్నింట్లోనూ అంతే. నటుడి కంట్లో తడి ఊరే వేళకి అందులోంచి డైరెక్టరు తొంగిచూస్తున్నాడు.

"మాట అవగానే ఆపేస్తే?"

"వార్తలు చదివి లేచినట్టుంటుంది."

"పోనీ మళ్ళీ తీద్దాం."

"ఆ దుకాణంలో ఇప్పుడు చెప్పులమ్ముతున్నారు."

"దుకాణం ఎందుకే? వట్టి గోడ చాలు. ముఖమొక్కటే కదా."

"ముఖమే. మీసమేదీ?"

ఆయన చెయ్యి పై పెదవి మీదికి పోయింది. పోయిన వారమే తీయించేశాడు, ఎవరిదో సినిమాలో మళ్ళీ బావ వేషానికి.

కూతురు కాసేపు పెడలు తొక్కింది. "ఇంకోటి చూపిస్తాను. అరవకూడదు మరి" అంది.

ఆ ఆఖరి షూటింగు రోజు వెలుతురు తగ్గిపోతోందని రెండు కెమెరాలు పెట్టారు. ఒకటి ఆయన మీద. రెండోది ఆయన భుజం మీదుగా, అక్క వేషం వేసిన పిన్నిగారి మీద. ఆవిడ నాటకాల్లో పండిన మనిషి. వయసులో చిన్నవాళ్ళూ పెద్దవాళ్ళూ అందరూ పిన్నిగారనే అంటారు.

తెర మీద ఎడం పక్కన బావగారి భుజం, ఎదురుగా పిన్నిగారు. "అమ్మేశానక్కా." వెంటనే "కట్!" అని ఆయన కేక. భుజం లేచింది, ఫ్రేములోంచి వెళ్ళిపోయింది. కుర్చీ కిర్రుమంది. పిన్నిగారు మాత్రం ఆపలేదు, అందుకని కెమెరామనూ ఆపలేదు. ఆవిడ ఖాళీ కుర్చీని చూసింది. ఆయన పళ్ళెంలో సగం కొరికిన గుడ్డునీ రొట్టెముక్కనీ చూసింది. తన పళ్ళెంలోని రొట్టె పొడి దులిపి, దాన్ని ఆయన పళ్ళెం మీద బోర్లించింది. అంచుకి అంచు కలిసేలా కాస్త జరిపింది. ఆ చెయ్యి అక్కడే ఉంచి గుమ్మం వైపు చూస్తూ ఉండిపోయింది.

బావగారు ఎప్పుడు కూర్చున్నాడో ఆయనకే తెలియలేదు.

ఇంట్లోనూ ఆయనది అదే వరస. అన్నం మధ్యలో ఏ డైలాగో గుర్తొచ్చేది, ఏ ఫోనో మోగేది, లేచిపోయేవాడు. తిరిగొచ్చేసరికి పళ్ళెం మీద ఇంకో పళ్ళెం ఉండేది. ముప్ఫై ఏళ్ళు ఆ మూత తీసి తిన్నాడు. మూత పెట్టేటప్పుడు భార్య ముఖం ఎలా ఉండేదో ఒక్కసారీ చూడలేదు. ఎలా చూస్తాడు? అప్పుడు తను అక్కడ ఉంటే కదా.

"ఇందులో నేనేడీ?" అన్నాడు చివరికి. గొంతు కటువుగానే వచ్చింది.

"భుజం ఉంది నాన్నా."

"ఊరందరి సినిమాల్లోనూ భుజమే. నా సినిమాలో కూడానా?"

ఆయన లేచి కిటికీ దాకా వెళ్ళి, తిరిగొచ్చి, పిన్నిగారికి ఫోన్ చేశాడు.

"పిన్నిగారూ, ఆ రోజు నేను కట్ చెప్పాక పళ్ళెం ఎందుకు మూశారు?"

"ఈగలు నాయనా."

"అంతేనా?"

"అంతేనా అంటే? తమ్ముడు సగం తిండి మీద లేచిపోయాడు. ఈ మోకాళ్ళతో వెనక పరిగెత్తమంటావా? ఎక్కడికి పోతాడు, వచ్చి తింటాడులే అని మూశాను. ఏం, షాటు పాడుచేశానా?"

"లేదండీ. చాలా బాగా చేశారు."

"ఆ ముక్క అప్పుడే అని ఉంటే సంతోషించేదాన్ని. నువ్వేమో మానిటర్ దగ్గరికి దౌడు తీస్తివి!"

ఫోన్ పెట్టేసి చాలాసేపు తెర వంక చూశాడు. బొమ్మని వెనక్కి తిప్పమన్నాడు. భుజం మళ్ళీ వచ్చి కూర్చుంది. లేచేదాకా అది వింటున్న భుజమే, అందులో వంక పెట్టడానికి లేదు. అంత చిరాకులోనూ ఆ సంగతి ఆయనకి కాస్త ఊరటనిచ్చింది.

"ఆ 'కట్' అనే కేక తీసెయ్" అన్నాడు.

"తీసేస్తా."

"కుర్చీ చప్పుడు ఉంచు."

కూతురు కాలు పెడలు మీద ఆగిపోయింది. "నీ ముఖం?"

"మీసం లేని ముఖం ఎవడిక్కావాలే" అన్నాడు. నవ్వుదామనుకున్నాడు గానీ పూర్తిగా రాలేదు.

ఇద్దరూ భోజనానికి కూర్చున్నారు. నాలుగు ముద్దలు తిన్నాడో లేదో, కుర్చీ చప్పుడు భుజం లేవడం కన్నా రవ్వంత ముందు రావాలేమో అనిపించింది. లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి, ఏదో జ్ఞాపకం వచ్చినట్టు ఆగి, వెనక్కి తిరిగాడు.

కూతురు ఆయన పళ్ళెం మీద ఇంకో పళ్ళెం బోర్లిస్తోంది. ముఖంలో కోపం లేదు, జాలీ లేదు. అంచులు కలిశాయా లేదా అని చూసుకుంటోంది, అంతే.

"ఏంటి?" అంది తలెత్తి.

"ఏం లేదు." వెనక్కొచ్చి కూర్చున్నాడు. "మిషను గదిలో లైటు..."

"నేనార్పుతాలే. నువ్వు తిను."

ఆయన మూత తీశాడు. తిండి ఇంకా వెచ్చగానే ఉంది. కూతురు వెళ్ళి లైటార్పి, మిషను గది తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.