క్లైవ్ ఎక్కించిన తాళ్లు

మటన్‌బర్డ్ పడవలో చుక్కాని గ్లెనిస్‌ది. పడవ ఆవిడ కొన్నది. చుక్కాని కర్రను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, చేతులతో తెరచాపల తాళ్లను బిగించే క్లచ్‌లు నడిపేది. ఆవిడ భర్త క్లైవ్ స్థానం తెరచాప కొయ్య మొదట్లో. నేను వాళ్లకు సాయం. కెటరింగ్ రేవులో ఈ ఏర్పాటు అందరికీ తెలుసు. క్లైవ్‌కు చుక్కాని కావాలన్న సంగతి కూడా తెలుసు.

ఆ చలికాలం తాళ్లు మార్చాల్సి వచ్చింది.

"అన్నీ నువ్వే ఎక్కించు, క్లైవ్. ఎవర్నీ అడక్కూడదు," అంది గ్లెనిస్. "సరిగ్గా ఎక్కిస్తే మొదటి శనివారం పందెంలో చుక్కాని నీది."

"సరిగ్గా అంటే?"

"నేను చూడకుండా చెయ్యి చాపితే అది సరైన క్లచ్ మీద పడాలి. అంతే."

తెరచాపలెత్తే తాళ్లన్నీ బోలుగా ఉన్న కొయ్యలోంచి దిగి, పడవ గది పైకప్పు మీదుగా వచ్చి, వరసగా ఉన్న క్లచ్‌లలో దూరతాయి. మీట నొక్కితే క్లచ్ తాడును కరిచి పట్టుకుంటుంది, ఎత్తితే వదిలేస్తుంది. ఏది ఏ తాడుదో రాసిన అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. గ్లెనిస్ చేతికి గుర్తు.

క్లైవ్ ముందుగా క్లచ్‌ల వరసను ఫోనులో ఫొటో తీసుకున్నాడు. వాటిని విప్పి, గ్లెనిస్ మాంసం కాల్చే పళ్లెంలో వేడినీళ్లు పోసి ఉప్పు వదిలేదాకా నానబెట్టాడు. పాత తాడు కొసకు కొత్త తాడు కొసను సూదితో కుట్టి, టేపు చుట్టి, ఎలుక తోకలా సన్నం చేసి లాగాడు. ఒక్కటి కూడా కొయ్యలో జారిపోలేదు. తాళ్లన్నీ తెల్లవే. దుకాణంలో రంగు చారలవి అయిపోయాయి. క్లచ్‌లు మళ్లీ బిగించి, ఫొటో చూస్తూ ఎడమ నుంచి కుడికి ఒక్కొక్క తాడూ దూర్చి, కొసలకు ముడులు వేశాడు.

శనివారం క్లైవ్ గడ్డం గీసుకుని వచ్చి చుక్కాని దగ్గర కూర్చున్నాడు. రేవు దాటాక గ్లెనిస్ పెద్ద చాప ఎత్తడానికి మొదటి తాడు లాగింది.

"బొజ్జచాప లేస్తోంది, గ్లెనిస్!" అని ముందు నుంచి అరిచాను. గాలి వెనక నుంచి వీచేటప్పుడు ఎత్తే ఉబ్బుచాపను మేం అలా పిలుస్తాం.

ఆవిడ తాడు వదిలేసింది. "ఫొటో చూపించు."

క్లైవ్ చూపించాడు.

"క్లచ్‌ల వెనక చుక్కాని కనిపిస్తోందేం? నేను కూర్చుంటే చుక్కాని నా దగ్గర ఉంటుంది కదయ్యా, ఎదురుగా కాదు. ఎక్కడ నిలబడి తీశావు?"

"కొయ్య దగ్గర. నేను నిలబడేది అక్కడేగా."

"అయితే ఎడమది కుడికి పోయింది, మహానుభావా. లే. చుక్కాని ఇటివ్వు."

క్లైవ్ లేవలేదు. దూరంగా పందెం నడిపేవాళ్ల పడవ మీద, సిద్ధం కమ్మని మొదటి జెండా ఎగిరింది.

"పైకప్పు మీదికెక్కి నా వైపు తిరిగి కూర్చో," అన్నాడు. "కళ్లు మూసుకో. పెద్ద చాప ఏది?"

గ్లెనిస్ చెయ్యి చాపింది. పెద్ద చాప క్లచ్ మీదే పడింది.

"ముందు చాప?"

పడింది.

"బొజ్జచాప?"

అదీ పడింది. ఆవిడ కళ్లు తెరిచింది.

"చెయ్యి సరిగ్గా పడాలన్నావు," అన్నాడు క్లైవ్. "ఎటు తిరిగి కూర్చుంటావో చెప్పలేదు."

"అంటే పందెమంతా నీ మొహం చూస్తూ కూర్చోవాలా?"

"పెళ్లిలో చూశావుగా."

"అప్పుడు నాకు ముసుగుంది."

అయినా కూర్చుంది. పెద్ద చాప కింది అడ్డకర్ర ఇటు నుంచి అటు తిరిగిన ప్రతిసారీ క్లైవ్ "తల!" అని అరిచాడు, ఆవిడ వంగింది. పక్క పడవలోంచి డూగల్ కేకేశాడు: "గ్లెనిస్, ముందు అటుంది!"

"ముందు మీరే ఉన్నారుగా, చూడ్డానికేముంది!" అంది ఆవిడ.

మలుపు గుర్తుగా నీళ్ల మీద తేలే బోయ దాటి గాలికి వీపు పెట్టి బొజ్జచాప ఎత్తాక, అందరూ ముందుకు చూస్తున్నారు. గ్లెనిస్ ఒక్కతే వెనక్కి చూస్తోంది. నీళ్ల మీద గాలి నల్లగా కదిలి రావడం ఆవిడకే కనిపించింది.

"గాలి వస్తోంది, ఎడమ వైపు! కాదు, నా ఎడమ. నీ కుడి. కుడి, క్లైవ్, అన్నం తినే చెయ్యి!"

క్లైవ్ అటు తిప్పాడు. గాలి అందుకుని డూగల్‌ను దాటాం. అలా ఇంకో ఇద్దరిని దాటి నాలుగో స్థానంలో వచ్చాం. మటన్‌బర్డ్ అంతకు ముందెన్నడూ ఆరు దాటి పైకి రాలేదు.

ఒడ్డున నత్తగుల్లల కూర నింపిన పై రొట్టెలు తింటున్నప్పుడు గ్లెనిస్ అంది: "వచ్చే శనివారానికి తాళ్లు మార్చి ఎక్కించు."

"తప్పకుండా," అన్నాడు క్లైవ్. మూతి తుడుచుకున్నాడు. "మారిస్తే చుక్కాని ఎవరిది?"

"నాది."

"ఊఁ," అని ఇంకో పై రొట్టె తీసుకున్నాడు.

ఆ తర్వాతి శనివారం నేను వెళ్లేసరికి తాళ్లు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. క్లైవ్ చుక్కాని దగ్గర కూర్చుని ఉన్నాడు. గ్లెనిస్ పైకప్పు మీద వేసుకోవడానికి ఇంటి నుంచి ఒక దిండు తెచ్చుకుంది.