ఆటో వెనక ఇంగ్లీషు దొర

తడిగుడ్డ పిండి, ఆటో వెనక రెక్సిన్ మీదున్న బొమ్మకి గడ్డం దగ్గర పట్టిన బురద తుడుస్తున్నాడు త్రిమూర్తులు. రోజూ చేసే పనే. అరవై దగ్గర పడ్డాయి, వంగితే నడుం ఒక పట్టాన లేవదు. ఖాకీ చొక్కాకి చంకల కింద వేయించిన కుట్లు మళ్ళీ విడిపోయాయి. హ్యాండిల్ పట్టీ పట్టీ వేళ్ళు ఎంత చాచినా కాస్త వంకరగానే ఉంటాయి.

కాకినాడ ఆటోల వెనక సినిమా హీరోలుంటారు, దేవుళ్ళుంటారు, ఏసుప్రభువుంటాడు, కులానికో నాయకుడుంటాడు. బ్రిటన్ ప్రతిపక్ష నాయకుడు జెరెమీ కోర్బిన్ ఉన్నది మాత్రం ఈ ఒక్క ఆటోకే.

"అయిపోయింది బాబాయ్!" స్టాండులో పక్క ఆటో గణేష్‌బాబు ఫోను ఎత్తి చూపించాడు. "లండన్‌లో రిజల్టు వచ్చేసింది. మీ దొర చిత్తుగా ఓడిపోయాడు. ఇంక పీకి పారెయ్."

స్టాండంతా నవ్వింది. త్రిమూర్తులు నవ్వలేదు. నిజానికి పందెం నెగ్గింది తనే. అయినా గుడ్డ మళ్ళీ తడిపి పిండుకున్నాడు.

పందెం వీరబ్రహ్మంతో. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన వీరబ్రహ్మమూ అతనూ ఒకే ఎర్రజెండా కింద ముసలివాళ్ళయ్యారు. ఒకటే పార్టీ, ఒకటే టీకొట్టు, ఏకాభిప్రాయం మాత్రం ఏనాడూ లేదు. సొంతూళ్ళో తమ జెండాకి డిపాజిట్టు కూడా దక్కదని రూఢి అయ్యాక, పోట్లాడుకోవడానికి వాళ్ళకి లండన్‌లో ఈ కోర్బిన్ దొరికాడు.

"రైళ్ళు మళ్ళీ గవర్నమెంటు చేతికి తెత్తానంటన్నాడ్రా! ఈ రోజుల్లో ఆ మాట అనాలంటే గుండెలుండాలి," అనేవాడు బ్రహ్మం, ఆ రైళ్ళకి తనే కండక్టరైనట్టు.

"మంచోడే. కాదన్నదెవడు? సొంత పార్టీలో సగం మందికి ఆయనంటే పడదు. యూదుల మీద తన పార్టీవాళ్ళు నోరు పారేసుకుంటే గట్టిగా ఆపలేదని గొడవ. మనలాంటోళ్ళు ఎక్కడో కూచుని మెచ్చుకుంటే ఓట్లు పడతాయేంటి?" అనేవాడు త్రిమూర్తులు.

పోయిన ఎన్నికల్లో ఆ పెద్దమనిషి గెలవలేదు గానీ, అంతా అనుకున్నదానికి ఎదురు తిరిగి సీట్లు పెంచుకున్నాడు. పందెం సీట్ల మీదే కాబట్టి, తగ్గుతాయన్న త్రిమూర్తులు ఓడాడు. ఓడినవాడి ఆటో వెనక బొమ్మ పడింది. మళ్ళీ ఎన్నికల్లో సీట్లు తగ్గితే బొమ్మ పీకేయవచ్చు. అదీ ఒప్పందం.

బొమ్మ వల్ల వచ్చిన చిక్కు ఇద్దరిలో ఎవరూ ఊహించనిది. గోదావరి జిల్లాల్లో తెల్లదొర బొమ్మ కనిపిస్తే జనానికి తోచేది ఒక్కడే, ఆనకట్ట కట్టించిన కాటన్ దొర. పల్లెల నుంచి వచ్చిన రైతులు ఆటో ఎక్కే ముందు దణ్ణం పెట్టుకునేవారు. కాటన్ పుట్టినరోజునాడు ఎవరో బంతిపూల దండ కూడా వేసి పోయారు. మొదట్లో త్రిమూర్తులు ఆయన కాదని ఓపిగ్గా చెప్పి చూశాడు. ఆ సంగతి విని బ్రహ్మం దగ్గొచ్చేదాకా నవ్వాడు.

ఇప్పుడు నవ్వకపోయినా దగ్గొస్తోంది. ఊపిరితిత్తులు చెడి నెలరోజులుగా ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. పోయినవారం చూడబోయినప్పుడు కూడా ఇద్దరికీ వాదన తగులుకుంది. అలవాటు మీద త్రిమూర్తులు నోరు జారాడు. "ఈసారి ఆయన పనీ అయిపోద్ది, నీ పనీ అయిపోద్ది. రిజల్టు రాగానే నేనే వచ్చి చెప్తా. అప్పుడు చూత్తా నీ మొకం." బ్రహ్మం గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇంటికొచ్చాక ఆ మాట తలుచుకుని త్రిమూర్తులుకి అన్నం సయించలేదు.

ఇవాళ ఆ రిజల్టు వచ్చింది. వెళ్ళి చెప్పాలి. ఓడిపోయాడని చెబితే ఉన్న కాస్త ఓపికా నీరుగారిపోతుందేమో. గెలిచాడంటే నమ్మడు, పైగా జాలిపడ్డావా అని అసహ్యించుకుంటాడు. ఏమీ తోచక త్రిమూర్తులు బేరాలు తిప్పాడు. భానుగుడి, సర్పవరం, పోర్టు రోడ్డు, ఎవరెటు పిలిస్తే అటు వెళ్ళాడు. ఆసుపత్రి గేటు ముందు నుంచి కూడా వెళ్ళాడు గానీ ఆగలేదు. ఆటో నడపడం అంత అలసటగా అతనికి ఎప్పుడూ అనిపించలేదు.

ఎండ వాలుతుండగా జగన్నాథపురంలో ఒక ముసలావిడ దిగింది. కొంగుతో బొమ్మ మీద దుమ్ము దులిపి, చేత్తో తాకి కళ్ళకద్దుకుంది.

"కాటన్ దొరగారే కదా నాయనా? ఆ మహానుభావుడి పుణ్యానే మా పొలాలు తడిత్తన్నాయి."

కాదని చెప్పడానికి నోరు రాలేదు. ఓడిపోయిన మనిషికి ఊరుగాని ఊళ్ళో ఒక దణ్ణం దక్కితే ఎవరి సొమ్మేం పోయింది?

"ఆయ్, ఆయనేనండి," అన్నాడు.

ఆవిడ వెళ్ళాక దారి తోచింది. బొమ్మ పీకనని చెబుదాం. ఇంకో ఎన్నికల దాకా ఉంచుతాను, అప్పటిదాకా నువ్వూ ఉండి పోట్లాడు అని చెబుదాం. నోట్లో ఆ మాటే తిప్పుకుంటూ ఆటోని నేరుగా ఆసుపత్రికి పోనిచ్చాడు.

వార్డు బయట బల్ల మీద బ్రహ్మం అక్క పాపాయమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. అతన్ని చూసి పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇందాకే పోయాడయ్యా. నిద్దట్లోనే. ఇంటికి తీసుకెళ్ళడానికి మా అబ్బాయి బండి మాట్టాడ్డానికెళ్ళాడు."

త్రిమూర్తులు ఆవిడ పక్కనే బల్ల మీద కూర్చున్నాడు. "రిజల్టు… తెలీకుండానే పోయాడా అక్కా?" అన్నాడు.

"తెలీకపోడమేంటి? తెల్లారగట్లే ఫోన్లో ఇన్నాడు. నవ్వుకున్నాడు కూడాను. 'అక్కా, మూర్తిగాడొత్తాడు. నాకు తెలిసినట్టు చెప్పకు. ఆడే చెప్పాలి. నెగ్గినోడికి ఆ మాత్రం సరదా ఉండాలి' అన్నాడు. పొద్దుటి నించీ గుమ్మంకేసే చూత్తా ఉన్నాడు."

త్రిమూర్తులుకి ఏడుపు పొంగుకొచ్చింది. ఇన్నేళ్ళ పోట్లాటల్లో వాడి మీద తనొక్కసారీ నెగ్గలేదనీ, ఇక నెగ్గడానికి వాడు లేడనీ అప్పుడు తెలిసింది. ముఖం తుడుచుకుని లోపలికి నడిచాడు. మంచం మీద తెల్ల దుప్పటి తల దాకా కప్పి ఉంది. మంచం పక్కన, తన కోసమే వేయించినట్టున్న కుర్చీలో, బ్రహ్మం పొద్దున తమ టీకొట్టు నుంచి తెప్పించి ఉంచిన టీ ఫ్లాస్కు, దాని మీద బోర్లించిన గ్లాసూ ఉన్నాయి.