పందెంలో పెట్టిన చలికాలం

పిడికిలి బిగించి చేసే ప్రార్థన దేవుడికి చేరుతుందా అన్న అనుమానం నికిఫర్‌ను ఇరవై ఏళ్ళుగా వదల్లేదు. ఊరి చర్చిలో కీర్తనలు చదివేది అతనే, ఊళ్ళో కరెంటు ఇంజన్లు నడిపేదీ అతనే. కోపం మాత్రం తండ్రి నుంచి వచ్చింది.

ఉత్తరాన మంచుసీమలో, కస్కోక్విమ్ నది పొడుగునా ఉన్న ఊళ్ళలో చమురు మహా ప్రియం. ఆ ఏడు ప్రభుత్వం పోటీ పెట్టింది. చలికాలమంతా మూడోవంతు చమురు తగ్గించి చూపిన ఊరికి గాలిమరలు ఉచితం. ఊరి ఇంజన్లకూ ఇళ్ళ పొయ్యిలకూ ఒకటే ట్యాంకు. జనం ఇంటికో గదిలో సర్దుకుని, కోట్లు తొడుక్కునే పడుకున్నారు. మార్చి దాకా ఓర్చుకుంటే చాలు.

కానీ ట్యాంకులో కొలకర్ర దించిన ప్రతిసారీ లెక్కకంటే బెత్తెడు తక్కువ వస్తోంది. ఒక మధ్యాహ్నం ఇంజన్ల షెడ్డు నుంచి బయటికొచ్చిన నికిఫర్‌కు, ట్యాంకు కుళాయి దగ్గర డబ్బా నింపుతూ బావమరిది ఎవన్ కనిపించాడు. కుళాయికి పెట్టిన తాళంచెవి నికిఫర్ ఇంట్లో మేకుకు వేలాడేదే.

"దొంగ వెధవా! ఎవరికి అమ్ముతున్నావురా?"

"నీకెందుకు బావా? వెళ్ళి కీర్తనలు చదువుకో."

"ఊరి నోట్లో మట్టి కొడతావా?"

"మట్టెక్కడుంది బావా? అంతా మంచేగా!"

నికిఫర్ చేతిలోని పానా ఆ నవ్వు మీద పడింది. రెండు పళ్ళు రాలాయి. ఎవన్ తలతో అతని కడుపులో కుమ్మాడు. ఇద్దరూ దొర్లారు. డబ్బా ఒలికిపోయింది. ఎవన్ అతని బొటనవేలు ఎముక దాకా కొరికాడు. నికిఫర్ అరుస్తూ అతని జుట్టు పట్టి, చెంపను ట్యాంకు ఇనుముకేసి అదిమాడు. మైనస్ నలభైలో చెంప అక్కడే అతుక్కుపోయింది. నికిఫర్ కోపంలో అతని తలను వెనక్కి లాగాడు. ఇనుము మీద కొంత చర్మం మిగిలింది.

కేకలు విని నికిఫర్ భార్య అగఫ్యా గోరువెచ్చని నీళ్ళ కెటిలుతో పరుగెత్తుకొచ్చింది. తమ్ముడి ముఖంలో ఇంకా అతుక్కున్న భాగాన్ని నీళ్ళు పోసి విడిపించింది. తర్వాత మొగుణ్ణి లాగి ఒకటి కొట్టింది.

"మట్రోనా అవ్వ పొయ్యి ఆర్పేసి పది రోజులైందయ్యా! ఊరికి బహుమతి రావాలట! వీడు ఎవరికీ తెలియకుండా చమురు పోసి వెలిగించొస్తుంటే, ఆమె మళ్ళీ ఆర్పేస్తోంది."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"ఇచ్చినవాడు చెప్పుకుంటాడా? నువ్వసలు ఏ ఊరివాడివి?"

ఎవన్ నెత్తురు ఉమ్మి, "బావకి చదవడమే వచ్చక్కా" అన్నాడు.

నికిఫర్ వెళ్ళి చూశాడు. అవ్వ గది గోడల లోపల మంచు పేరుకుంది. రెండు కోట్ల కింద ఆమె పెదవులు నీలంగా ఉన్నాయి.

"గెలిచామా నాయనా?"

"ఇంకా లేదవ్వా" అన్నాడు, పొయ్యి వెలిగిస్తూ.

ముసలివాళ్ళ ఇళ్ళన్నిట్లో పొయ్యిలు వెలిగించమని గడపగడపకూ చెప్పొచ్చాడు. కొందరు తిట్టారు, ఒకడు తోశాడు. ఈసారి నికిఫర్ చెయ్యి ఎత్తలేదు. మార్చిలో గాలిమరలు వేరే ఊరికి పోయాయి.

ఆ వారమే అతను తన ఇంటి పీపాలోంచి ఒక డబ్బా నింపాడు. ఎనిమిదేళ్ళ కిందట, కూతురు పుట్టిన మంచుతుఫానులో, మట్రోనా మొగుడు అలాంటి డబ్బానే అతని వసారాలో పెట్టిపోయాడు. అడుగుల జాడ చూసి ఎవరిచ్చారో తెలుసుకున్నా, నికిఫర్ తిరిగి ఇవ్వనేలేదు. కట్టుకట్టిన బొటనవేలు సలుపుతుండగా డబ్బాను అవ్వ వసారాలో దించి, తలుపు తట్టకుండా వచ్చేశాడు.