పాలు కాగే పన్నెండు నిమిషాలు

మరిది వంటింట్లో పీట వేసుకుని కూర్చున్న రోజే వదిన నోరు విప్పాల్సింది. విప్పలేదు. ఆ ఒక్క మౌనం నెల తిరిగేసరికి ఉక్కు అచ్చు దాకా వెళ్తుందని ఆమె మాత్రం కలగన్నదా?

మరిది పనిచేసేది ఇంటిసామాన్ల కంపెనీలో, కొత్త వస్తువులు కనిపెట్టే విభాగంలో. అక్కడ వాళ్ళందరికీ మూడు రోజుల శిక్షణ ఇచ్చారు. వస్తువు గురించి ఆలోచించకూడదట, దాన్ని వాడే మనిషి గురించి ఆలోచించాలట. ముందు ఆ మనిషిని చూడాలి, తర్వాత అడగాలి, ఆపైన ఏదో ఒక నమూనా చేసి చేతిలో పెట్టాలి, నచ్చలేదంటే సిగ్గుపడకుండా మళ్ళీ మొదటికి రావాలి. శిక్షణ అయిన దగ్గర్నుంచీ మరిదికి ఏ వస్తువూ మామూలుగా కనబడటం మానేసింది. కుర్చీ వేస్తే కూర్చోడు. "దీన్లో ఎవరు కూర్చుంటారు, ఎందుకు కూర్చుంటారు?" అంటాడు. "కాళ్ళు పీక్కుపోయి కూర్చుంటార్రా!" అని అత్తగారు విసుక్కుంటే ఆ ముక్క కూడా పుస్తకంలో రాసుకుంటాడు.

అలా ఓ ఉదయం, ముందే చెప్పి, స్టాప్‌వాచీ పట్టుకుని అన్నగారింటికి వచ్చాడు.

"నేనిక్కడ ఉన్నానన్న సంగతే మర్చిపో వదినా. రోజూ చేసేదే చెయ్యి."

ఆరడుగుల మనిషి మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని స్టవ్ పక్కన కూర్చుంటే మర్చిపోవడం ఎలాగో మాత్రం చెప్పలేదు. అయినా వదిన తన వంతు సాయం తను చేసింది. ముందురోజే గట్టు అద్దంలా తోమి, డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం సర్ది, మసిగుడ్డ తీసేసి కొత్త తువ్వాలు తగిలించింది. సహజమైన జీవితం చూడ్డానికి వస్తున్నాడు కదా మరి.

వాడు చాలా రాసుకున్నాడు. అందులో ఒక్క వాక్యం కింద మాత్రం రెండు గీతలు గీశాడు: "పాల దగ్గర ఊరికే నిలబడటం, పూటకి పన్నెండు నిమిషాలు. మొహంలో విసుగు."

విసుగన్న మాట చదివి వదిన నవ్వాపుకోవడానికి సింకు వైపు తిరగాల్సి వచ్చింది. ఆమెకున్న మొహాలన్నిటిలోకీ సుఖమైన మొహం అది.

సంగతేమిటంటే, ఆ ఇంట్లో ఆమెని ఎవరైనా ఎప్పుడైనా పిలవొచ్చు. భర్తది ఇంట్లోంచి చేసే ఉద్యోగం. పక్కనే సీసా ఉన్నా మంచినీళ్ళకి కేకేస్తాడు. అత్తగారికి కళ్ళజోడు కనబడదు, చాలాసార్లు అది ఆవిడ నెత్తి మీదే ఉంటుంది. కాలేజీకెళ్ళే కూతురికి గడప దాటే నిమిషంలోనే సమస్త వస్తువులూ మాయమవుతాయి. స్నానానికి వెళ్ళినా తలుపు కొట్టి మరీ అడుగుతారు. ఒక్క పాలు స్టవ్ మీదున్నప్పుడు మాత్రం అలా కాదు. "పాలు పెట్టాను!" అని లోపల్నుంచి ఒక్క కేక వేస్తే చాలు, ఇల్లంతా గప్‌చిప్. పాలు పొంగబెట్టిన పాపం తన నెత్తికి రావాలని ఎవరికుంటుంది?

ఈ రహస్యం ఆమె కాపురానికొచ్చిన రెండో ఏట కనిపెట్టింది. మూడో ఏట ఇంకోటి కనిపెట్టింది: మంట తగ్గిస్తే ఐదు నిమిషాల పాలు పన్నెండు నిమిషాలు కాగుతాయి. పిండిడబ్బా వెనక లైబ్రరీ పుస్తకం ఉంటుంది. పూటకి తొమ్మిది పేజీలు. అలా ఇరవై ఏళ్ళుగా, నిలబడే, బీరువాడు పుస్తకాలు చదివేసింది.

మరిది గడియారం చూశాడు, మొహం చూశాడు. మంట చూడలేదు.

మూడు వారాల తర్వాత పెట్టె పట్టుకుని వచ్చాడు. అందులో నల్లటి క్లిప్పు ఒకటి, బొటనవేలంత. గిన్నె అంచుకి తగిలిస్తే దాని తోక లోపలికి వేలాడుతుంది. పాల నురగ తోకని తాకగానే కూత పెడుతుంది. ఆ సాయంత్రమే చేసి చూపించాడు. నురగ లేచింది, అది కాకిలా అరిచింది, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ క్షణం నుంచీ దాని పేరు కాకి.

"అమ్మయ్య! ఇంక స్టవ్ ముందు స్తంభంలా నిలబడక్కర్లేదమ్మా నువ్వు," అన్నారు అత్తగారు.

"ఎలా ఉంది వదినా? మొహమాటం లేకుండా చెప్పు," అన్నాడు మరిది. ఎదురుగా భర్త, పక్కన అత్తగారు, గుమ్మంలో కూతురు. వాడి కళ్ళు చూస్తే పరీక్ష రాసొచ్చిన పిల్లాడి కళ్ళలా ఉన్నాయి.

"చాలా బాగుందయ్యా," అంది.

పది రోజులు వాడి, రోజుకో కాగితం నింపాలి. కాగితం మీద ఏడుపు మొహం నుంచి నవ్వు మొహం దాకా ఐదు బొమ్మలు. వదిన మర్నాడే కాకిని సొరుగులో పడుకోబెట్టి, నవ్వు మొహం మీద టిక్కు పెట్టి, పుస్తకం తీసుకుంది. పదిరోజులూ అంతే. మరి ఇంకా ఎందుకు నిలబడుతున్నావని అత్తగారు అడిగితే, "అలవాటయ్యేదాకా పక్కనే ఉండి చూడాలిట," అంది. ఒక అబద్ధానికి రెండోది తోడుంటే దానికీ కాలక్షేపం.

మంగళవారం మరిది ఫోన్ చేశాడు. గొంతు గాల్లో తేలుతోంది.

"వదినా, మొత్తం పది ఇళ్ళలో ఇచ్చాం. నీతో కలిపి పదిమందీ నవ్వు మొహమే! పదిరోజులూ! మా విభాగంలో ఇలా ఎప్పుడూ కాలేదు. శుక్రవారం పన్నెండింటికి వీటిని పోతపోసే ఉక్కు అచ్చుకి సంతకం. ఉక్కు కోశాక ఇంక మార్చడానికి ఉండదు. ఇది నిలబడితే నేను నిలబడ్డట్టే."

పోయిన ఏడాది వాడు చేసిన మడత స్టూలు మనుషులతో సహా మడతపడింది. అంగళ్ళ నుంచి అన్నీ వెనక్కొచ్చేశాయి. ఇదీ అలా వెనక్కొస్తే నన్ను ముందుకు నెట్టేస్తారు వదినా, గేటు బయటికి, అని వాడే అన్నాడు.

ఫోన్ పెట్టేశాక ఆమెకి కాలు నిలవలేదు. పదికి పది! పదిమంది ఆడవాళ్ళకి ఒకే వస్తువు పదిరోజులూ ఒకే రకంగా నచ్చడమా? చీరల కొట్లో కూడా జరగదే ఇది! అంటే మిగతా తొమ్మిది ఇళ్ళలోనూ సొరుగులున్నాయన్నమాట.

ఆ సాయంత్రం పాలు పెట్టి పుస్తకం తీసింది. ఒకే వాక్యం ఐదుసార్లు చదివింది. చెప్పేస్తేనో? వాడి అచ్చు ఆగుతుంది. కానీ ఎందుకు వాడలేదని అడుగుతారు. అప్పుడు పన్నెండు నిమిషాల సంగతి బయటపడుతుంది. బయటపడితే ఇంక ఆ పన్నెండు నిమిషాలుండవు. చెప్పకపోతేనో? అవి ఉంటాయి, వాడి ఉద్యోగం ఉండదు. బుధవారం తుడిచిన గట్టునే తుడిచింది. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసి, కూరలో అసలే మానేసింది. కుక్కరు మూత పెట్టడం మర్చిపోయి కూత కోసం చెవులు రిక్కించి కూర్చుంది. గురువారం కళ్ళెదురుగా నిలబడి ఉండగానే పాలు పొంగి స్టవ్ అంతా పారాయి.

"కాకి ఉండి కూడానా!" అని ఆశ్చర్యపోయారు అత్తగారు.

శుక్రవారం పుస్తకం మార్చుకుని వస్తానని చెప్పి, కాకిని పెట్టెతో సహా సంచిలో వేసుకుని బయల్దేరింది. రెండు బస్సులు మారాలి. మొదటి బస్సులో సీటు దొరికినా కూర్చోలేకపోయింది.

మరిది ఆఫీసులో గోడలన్నీ అద్దాలు, అద్దాలన్నీ రంగురంగుల చీటీలు. ఒక పసుపు చీటీ మీద "పన్నెండు నిమిషాల విసుగు" అని ఉంది. బల్ల చుట్టూ ముగ్గురు: మరిది, వాళ్ళ విభాగానికి పెద్దావిడ, అచ్చులు కోసే మేస్త్రీ. కాగితాలు పరిచి ఉన్నాయి. పెద్దావిడ చేతిలో పెన్ను మూత తీసి ఉంది.

"వదినా! నువ్వేంటి ఇక్కడ? అమ్మకేమైనా..."

"అత్తయ్య బాగానే ఉన్నారు. నేనే బాలేను," అని పెట్టె తీసి బల్ల మీద పెట్టింది. పెద్దావిడ తెరిచి చూసింది. బ్యాటరీ దగ్గర లాగి పారేయాల్సిన ప్లాస్టిక్ ముక్క లాగకుండా అలాగే ఉంది. ఆ రోజు చూపించినప్పుడు మరిది వాడింది వాడి సొంత కాకిని.

"ఇది ఒక్కసారీ వాడలేదు మీరు," అందావిడ.

"లేదండీ."

"పాడైందా?"

"లేదండీ. బంగారంలా పనిచేస్తుంది. అదే చిక్కు." గుక్కతిప్పుకోకుండా మొత్తం చెప్పేసింది, పిలుపులు, పాలు, పుస్తకం, తొమ్మిది పేజీలు. "మా వాడు పన్నెండు నిమిషాలని రాసుకున్నాడు కదండీ. అవి పాలకి పట్టేవి కావు, నాకు పట్టేవి. మంట నేను తగ్గిస్తాను."

మేస్త్రీ గోడ వైపు చూస్తూ మెల్లిగా, "మా ఇంట్లో అరగంట పడుతుంది," అన్నాడు. "బర్నర్ పాడైందేమోనని రెండుసార్లు మార్పించాను."

మరిది మొహం పాలిపోయింది. "నాకు చెప్పొచ్చు కదా వదినా! మొహమాటం వద్దని అడిగాను కదా!"

"ఎక్కడ అడిగావు?" అంది పెద్దావిడ.

"ఇంట్లోనే మేడమ్, హాల్లో."

"ఎవరున్నారప్పుడు?"

మరిది వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. "అందరూ."

"పైగా నువ్వు మా అత్తయ్య కొడుకువి," అంది వదిన. "నీకు చెప్తే ఆవిడకి చెప్పినట్టే కదయ్యా."

పెద్దావిడ పెన్ను పక్కన పెట్టి, జాబితా చూసి ఎవరికో ఫోన్ కలిపి, అందరికీ వినబడేలా బల్ల మీద ఉంచింది. అవతల ఒకావిడ హుషారుగా పలికింది.

"అయ్యో, చాలా బాగుందండీ! రెండు పూటలా అదే వాడుతున్నాం."

"సంతోషమండీ. దాని మీద లైటు వెలుగుతుంది కదా, ఏ రంగులో కనిపిస్తోంది మీకు?"

కాకికి లైటే లేదు.

"...ఎరుపండీ. మరీ ఎరుపు కాదు."

రెండో ఇంట్లో ఆకుపచ్చ. మూడో ఆవిడ మాత్రం జాగ్రత్తగా, "పాలు పెట్టానండీ, తర్వాత చేస్తాను," అని పెట్టేసింది. పెద్దావిడకి నవ్వొచ్చింది గానీ మరిదిని చూసి మింగేసుకుంది.

"ఈ పదిమందినీ ఎక్కణ్ణుంచి తెచ్చావు?"

"మా వదిన, మన వాళ్ళ అక్కయ్యలు, పిన్నులు, ఒకరి అత్తగారు..."

"నీ ముందు నీ వస్తువు బాలేదనే పిన్నిని చూపించు నాకు," అంది. ఆ తర్వాత మేస్త్రీ వైపు తిరిగి, "అచ్చు ఆపండి," అంది. మేస్త్రీ కాగితాలు చుట్టుకుంటూ, ఈ వారం మిషను ఖాళీ ఉంచినందుకు తనని ఎవరు ఓదారుస్తారని గొణిగాడు.

మరిదికి మూడు వారాలు గడువిచ్చారు. మళ్ళీ చూడాలి, మళ్ళీ అడగాలి, ఈసారి బంధువులు కానివాళ్ళని. పాలు పొంగుతాయని నిజంగా భయపడేవాళ్ళెవరో వెతకాలి. దొరక్కపోతే ఏమవుతుందో ఆవిడ చెప్పలేదు, వాడూ అడగలేదు. లిఫ్టు దాకా సాగనంపడానికి వచ్చాడు. వదిన సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి, ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంటూ నిలబడింది.

"నా కళ్ళు పోయాయా వదినా? పక్కనే కూర్చుని రాసుకున్నానే!"

"కళ్ళకేం, బాగానే ఉన్నాయి. నేను దాచాను కదా."

"ఇది రిపోర్టులో రాయాలి. నీ పేరు లేకుండా."

"రాసుకో. కానీ ఇంట్లో నువ్వు చెప్పకు. నేనే చెప్తాను."

"చెప్పకపోతే మాత్రం ఏం? వాళ్ళకి తెలిసే దారే లేదు."

నిజమే. లిఫ్టు దిగుతున్నప్పుడూ, మొదటి బస్సులోనూ, రెండో బస్సులోనూ అదే ఆలోచన. కాకి చెడిపోయింది, కంపెనీ వాళ్ళు తీసేసుకున్నారు అంటే చాలు. పన్నెండు నిమిషాలూ పదిలం. నాలుక చివర దాకా వచ్చి కూర్చుంది ఆ అబద్ధం. కానీ బాగున్న వస్తువుని బాలేదని చెప్తే వాణ్ణి ఇంటిల్లిపాదీ వెక్కిరిస్తారు, స్టూలు లాగే ఇదీనా అని. మొన్న అబద్ధమాడి ముంచింది చాలదా?

సాయంత్రం పాలగిన్నె తీస్తుంటే అత్తగారు హాల్లోంచి అడగనే అడిగారు.

"ఏదమ్మా కాకి? మళ్ళీ నిలబడుతున్నావా?"

వదిన గిన్నె పట్టుకునే హాల్లోకి వచ్చింది. భర్త కంప్యూటర్ లోంచి తలెత్తలేదు. కూతురు చెవుల్లోంచి పాట బయటికి వినబడుతోంది.

"కాకి వెళ్ళిపోయింది అత్తయ్యా. అది బాగానే పనిచేస్తుంది. నేనే వద్దన్నాను. పాల దగ్గర నేను నిలబడేది పాల కోసం కాదు. ఆ కాసేపు నన్నెవరూ పిలవరని."

భర్త తలెత్తాడు. "ఎవరు పిలుస్తున్నారు నిన్ను?"

వదిన గిన్నె తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "రోజూ పన్నెండు నిమిషాలు, రెండు పూటలా. నేను బాల్కనీలో ఉంటాను. పిలవకండి."

"మరి పాలో?"

"మీరున్నారుగా."

అత్తగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని కోడలి వైపు చాలాసేపు చూశారు. ఆ చూపుని ఏ మొహం బొమ్మ కింద వేయాలో వదినకి తెలియలేదు.

బాల్కనీలో కుర్చీ ఉంది గానీ ఇరవై ఏళ్ళుగా నిలబడి చదవడం అలవాటైన మనిషికి కూర్చుంటే అక్షరాలు ఆనలేదు. లేచింది. మళ్ళీ కూర్చుంది. కింద రోడ్డు మీద ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు, అది అందుకోవడం లేదు. పేజీ మీద చూపు, చెవి మాత్రం వంటింట్లో. గిన్నె పెట్టిన చప్పుడు. లైటర్ నాలుగుసార్లు. ఏదో డబ్బా కిందపడింది, బహుశా పిండిదే. లేవబోయి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

"ఏమోయ్!" అన్నాడు భర్త వంటింట్లోంచి. "ఇదిగో, నిన్నే! పట్టకారు ఎక్కడ..."

"పిలవొద్దని చెప్పిందా లేదా!" అత్తగారి గొంతు ఇల్లంతా అదిరేలా లేచింది. "నోరు మూసుకుని నువ్వే వెతుక్కోరా!"

ఆ అరుపుకి కూతురు చెవుల్లోంచి పాట తీసేసి ఏమైందని అడిగింది. వదిన పేజీ తిప్పింది. తిప్పాక, ముందు పేజీ చదవలేదని గుర్తొచ్చి వెనక్కి తిప్పుకుంది.