ఆరు కోట్లు, అత్తగారి సూది

పనితనం ఉండాలి గానీ మనిషికి మరీ ఇంత ఉండకూడదు. ఆ ఉదయం అత్తగారు చేసిన ఘనకార్యం చూసి కోడలు కుట్టుబల్ల పక్కనే కూలబడిపోయింది.

సంగతేమిటంటే, పెద్దాసుపత్రి నర్సులందరికీ కోట్లు కుట్టే పని కోసం రెండు దుకాణాలు పోటీ పడుతున్నాయి, అందులో ఒకటి ఈ అత్తాకోడళ్లది. ఏడాదికో కోటు చింపి అవతల పారేసే అలవాటు మాన్పించాలని అక్కడి మేట్రన్‌ పట్టుదల. అందుకని చెరో ఆరు కోట్లు కుట్టించి, ఆరు నెలలు నర్సుల చేత వాడించింది. ఎవరివి బాగా మన్నితే పని వాళ్లదే. డిజైన్ చదువుకున్న కోడలు పంతం పట్టి, ప్రతి కుట్టు లోపలా అంగుళం గుడ్డ మడిచి దాచింది. త్వరగా చిరిగే జేబులూ మోచేతులూ ఊడదీసి మళ్లీ కుట్టుకునేలా అమర్చింది. ఈ పని రాకపోతే దుకాణం మూసేసి అత్తాకోడళ్లిద్దరూ ఏ ఫ్యాక్టరీలోనో మెషిన్ తొక్కుకోవలసిందే.

గడువు తీరింది. ఉతికి తెమ్మని మేట్రన్‌ ఎవరి కోట్లు వాళ్లకు పంపింది. దారం మాత్రం ముట్టుకోవద్దని కాగితం మీద రాసి మరీ పంపింది. కోడలు ఉతికి ఆరేసి, వేరే బేరానికి బొత్తాలు కొనడానికి బజారుకు వెళ్లింది. వేలాడుతున్న జేబు కంటబడితే అత్తగారి చేతులు ఊరుకుంటాయా? ఒకటి కుట్టింది. ఒకటి కుట్టాక మిగతా అయిదూ ఏం పాపం చేశాయని అవీ కుట్టేసింది. పైగా ఇస్త్రీ కూడా చేసింది, మహాతల్లి.

“చిరిగినవి చిరిగినట్టే చూపించాలి అత్తయ్యా. కాగితంలో అంత స్పష్టంగా రాశారు కదా.”

“చిరిగిన గుడ్డ ఎదురుగా పెట్టుకుని కాగితం ఎవరు చదువుతారే,” అని గొణిగింది అత్తగారు. లోపల మాత్రం పిల్ల కష్టమంతా తన చేత్తోనే బూడిదలో పోశానని కుమిలిపోయింది. “పోనీ, కుట్లు విప్పేయనా?”

“వద్దు. జరిగిందేదో చెప్పేద్దాం.”

ఆసుపత్రి గదిలో కోడలు జరిగింది జరిగినట్టు చెప్పింది. అవతలి దుకాణదారు కాలు మీద కాలేసుకుని, “రూలు రూలే కదా మేడమ్,” అన్నాడు. అత్తగారికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మేట్రన్‌ కళ్లజోడు సవరించుకుని కోటు తిరగేసింది, మరగేసింది. “ఎక్కడ కుట్టారు, కనపడదేం?”

అత్తగారు వేలు పెట్టి చూపించింది.

“ఎంతసేపు పట్టింది?”

“ఒక్కోదానికి పావుగంట. కావలసిన గుడ్డ లోపలే ఉంది, తీసి కుట్టడమేగా.”

మేట్రన్‌ అవతలి దుకాణం కోటు ఒకటి ముందుకు తోసింది. చంక దగ్గర బెత్తెడు చిరిగి ఉంది. “దీన్ని బాగుచేయగలరా?”

అత్తగారు కోటు తిరగేసి, కుట్టు వెంట బొటనవేలు నడిపించి, మెల్లగా బల్ల మీద పెట్టేసింది. “నా వల్ల కాదమ్మా. సూది గుచ్చడానికి కూడా లోపల గుడ్డ మిగల్చలేదు. ఇక ఇది చెత్తబుట్టకే.”

దుకాణదారు కాలు మీది కాలు దించాడు.

“మేమే రూలు తప్పు రాసుకున్నాం,” అంది మేట్రన్‌. “ఆరు నెలలు వాడితే ఏ కోటైనా చిరుగుతుంది. చిరిగాక దాని గతేమిటన్నదే చూడాల్సింది. పని మీదే.”

గుమ్మంలో నిలబడ్డ నర్సులు అప్పటికే లోపలికొచ్చి, అత్తాకోడళ్లు తెచ్చిన వాటిలో ఎవరి కోటు వాళ్లు వెతుక్కుని తొడుక్కుంటున్నారు. కొత్తవి వచ్చేదాకా ఆగమన్నా వినలేదు. “మాకు ఇవే కావాలి మేడమ్, ఒంటికి అలవాటయ్యాయి,” అంటూ డ్యూటీకి వెళ్లిపోయారు.

మేట్రన్‌ అత్తగారి వైపు తిరిగింది. “అనుభవం అంటే ఇదీ. ఈ లోపలి గుడ్డ ఆలోచన మీదే అయ్యుంటుంది.”

ఔనని తలూపితే కాదనేవాళ్లెవరూ లేరక్కడ. అత్తగారు మాత్రం లేచి నిలబడి, వరండా చివరిదాకా వినపడేంత గొంతుతో చెప్పింది.

“కత్తెర పట్టి నలభై ఏళ్లయిందమ్మా నాకు. ఇంత తెలివైన కోటు ఒక్కటీ కత్తిరించలేదు. ఇది నా కోడలిది.”